మూడూళ్ల ఫ్లెక్సీ

దుహోక్, ఇరాక్
సెప్టెంబరు మొదటి వారం

చిన్నబాపూ,

ఇకమీద నీకు ఉత్తరాలే రాస్తాను. మెయిల్లో పంపినా ఉత్తరం ఉత్తరమే కదా, తీరిగ్గా కళ్లద్దాలు పెట్టుకుని చదువుకో. సిరిసిల్లకు ఫోన్ చేసి అమ్మతో రెండు మాటలు మాట్లాడదామంటే ఆమె స్పీకర్ పెడుతుంది. బాపు నడిపే బట్ట నేసే సాంచాల చప్పుడూ, వాడకట్టు ఆడవాళ్లూ అందరూ ఒకేసారి లైన్లోకి వస్తారు. నిన్న ఎవరో అడిగింది, "ఏం బిడ్డా, కంపెనీ మంచిగున్నదా? రూము కంపెనోళ్లే ఇచ్చిండ్రా?" అని. నేను పనికి రాలేదు, చదువు కోసం వచ్చానంటే, "అందరు గట్లనే చెప్తరు తియ్యి" అంది. మనవాళ్ల లెక్కలో దేశం దాటిన ప్రతివాడూ దుబాయ్ పోయినట్టే. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

నీకైనా ఒకసారి సరిగ్గా చెప్పనీ. ఇక్కడ యుద్ధం నడిచిన రోజుల్లో తీవ్రవాదులు యజీదీలనే చిన్న మతస్థుల ఊళ్ల మీద పడి ఆడవాళ్లనూ పిల్లలనూ ఎత్తుకుపోయారు. అట్లా పోయిన పిల్లల్లో కొందరు పెరిగి పెద్దవాళ్లయి తిరిగి వచ్చారు. వచ్చి డేరాల్లో బతుకుతున్నారు. ఆ బతుకును వాళ్లు మళ్లీ ఎట్లా కూడగట్టుకుంటున్నారన్నది నా థీసిస్. ఇంగ్లండులో కూర్చుని రాసినప్పుడు ఎంత గొప్పగా ఉండేదో! ఇక్కడికొచ్చి నేను ప్రశ్న అడిగితే వాళ్లు తిరిగి నన్ను అడుగుతారు: నీకు పెళ్లెందుకు కాలేదు, మీ అమ్మ నిన్నెట్లా పంపింది, మీ దేశంలో అన్నంలో ఏం కలుపుకుంటారు అని. పోయిన వారమంతా నా రికార్డరులో ఉన్నవి నా జవాబులే. తర్జుమా చేసే టీచరమ్మ అయితే నవ్వు ఆపుకోలేక బయటకు వెళ్లిపోయింది.

గీత అనే అమ్మాయి ఒక్కతే నాతో నిజంగా మాట్లాడుతోంది. అది అసలు పేరు కాదు. వీళ్ల పేర్లు రాయననీ, ముఖాలు చూపననీ యూనివర్సిటీకి సంతకం పెట్టి వచ్చాను, అందుకని అందరికీ మన పేర్లు పెట్టుకున్నాను. అసలు పేరు నీకు కూడా చెప్పను, అలగకు. గీతను తొమ్మిదేళ్లప్పుడు ఎత్తుకుపోయారు. పోయిన ఏడాది బయటపడింది. చెల్లెలు మాత్రం ఇంకా సరిహద్దు అవతల ఎవరి ఇంట్లోనో ఉంది. ఒక మధ్యవర్తి ఆ పిల్లను విడిపించడానికి మాటలు నడుపుతున్నాడు. అక్క ప్రాణాలతో ఉందనీ, ఇక్కడికి చేరిందనీ ఆ ఇంటివాళ్లకు తెలిస్తే పిల్లను ఇంకెక్కడికో మార్చేస్తారట. మార్చితే మళ్లీ జాడ దొరకదు. అందుకే గీత ఫొటో దిగదు, బజారుకు పోయినా ముఖం కప్పుకునే పోతుంది. నన్ను ఎందుకు నమ్మిందో నాకూ అర్థం కాదు. నా థీసిస్ మొత్తం ఆమె మాటల మీదనే నిలబడుతుందని మాత్రం అర్థమైంది.

ఇవేవీ చిన్నమ్మకు కూడా చెప్పకు.

విసిగిపోయిన
రమ


కోరుట్ల
సెప్టెంబరు మధ్యలో

తల్లీ రమా,

దీవెనలు తరవాత, ముందు నా గోడు విను. దుహోక్‌లో గీత ఏమిటే! నీ ఉత్తరం చదువుతుంటే మన ఎదురింటి గీతే కళ్లముందు మెదులుతోంది. ఆ పిల్ల కష్టం చదివి కళ్లు తుడుచుకోబోయేసరికి, బయట ఈమె టమాటల బండివాడితో కొట్లాడుతున్న కేకలు వినబడ్డాయి. ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పినవాణ్ని, ఇరాక్ పేరుతో రాస్తే నాకు అర్థం కాదా?

సరే, నియమం నియమమే. ఎవరికీ చెప్పను.

నువ్వు డాక్టరేటు చదువుతున్నావని మీ అమ్మ, అదే మా వదిన, ఎవరికో చెప్పింది. ఆ మాట కోరుట్ల చేరేసరికి నువ్వు డాక్టరువైపోయావు. పొద్దున రాములవ్వ మా అరుగు మీద కూర్చుని మోకాలు చూపించి, "సారూ, రమకు ఫోన్ జేసి ఏం గోలీలు ఏస్కోవాల్నో అడుగరాదు" అంది. ఆ డాక్టరు వేరమ్మా అంటే, "అంటే మోకాళ్ల డాక్టర్ గాదా?" అంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, మన దగ్గర తిరగబడింది.

ఇంకో ముచ్చట. నా పాత శిష్యుడు కరుణాకర్ మన కులసంఘం యువజన అధ్యక్షుడయ్యాడు. గోదావరిని చూపరా అంటే మ్యాపులో అరేబియా సముద్రంలో వేలు పెట్టినవాడు. ఇప్పుడు కౌన్సిలర్ అవుతాడట. ఎన్నికలు ఎప్పుడో దేవుడికే తెలియదు, వీడి దండాలు మాత్రం మొదలయ్యాయి. ఊళ్లో ఎవరికి ర్యాంకు వచ్చినా, ఎవరికి కొలువు దొరికినా చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టిస్తున్నాడు. ర్యాంకు వచ్చిన పిల్ల పై మూలన పోస్టుకార్డంత ఉంటుంది, మధ్యలో కరుణాకర్ తలుపంత. చూసినప్పుడల్లా నవ్వొస్తుంది.

వేళకు తిను. వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పు, తప్పేముంది? పెళ్లెందుకు కాలేదో మాకూ తెలుసుకోవాలనే ఉంది.

చిన్నబాపు


దుహోక్
దసరా వెళ్లిన మర్నాడు

చిన్నబాపూ,

ఈసారి తిట్టడానికి ఏమీ లేదు, ఆశ్చర్యపోకు.

సద్దుల బతుకమ్మనాడు డేరాల దగ్గర కుట్టు కేంద్రంలో కూర్చుని ఊరికే దిగులుపడ్డాను. ఏమైందని ఆడపిల్లలు అడిగితే చెప్పాను. అంతే, అడవి పూలో, తోటల్లో పూలో, ఎవరి పెరట్లో తెంపారో, ఒడి నిండా తెచ్చి పోశారు. తంగేడూ లేదు, గునుగూ లేదు. బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ పళ్లెంలో బతుకమ్మను పేర్చాను, కొంచెం పక్కకు ఒరిగింది. చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టడం చూపిస్తే వాళ్లు చేతులు పట్టుకుని తమ ఆట కలిపేశారు. వాళ్లకూ గుండ్రంగా ఆడే ఆట ఉందట. గీత కూడా ఆడింది. ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి చూశాను.

అమ్మ కోసం ఒక్క ఫొటో పంపాను. ఎవ్వరికీ చూపనని బతుకమ్మ మీద ఒట్టేసింది. నువ్వు కూడా అడగకు.

రమ


కోరుట్ల
అక్టోబరు మధ్యలో

రమా,

నీ ఉత్తరం చదివి మీ చిన్నమ్మకు వినిపించాను. పళ్లెంలో బతుకమ్మ దగ్గర ఆమె ఏడ్చింది, ఒరిగిందన్న దగ్గర నవ్వింది. గీత సంగతి చదవకుండా దాటేశాను, నమ్ము.

వదిన మాట తప్పలేదు. ఎవ్వరికీ చూపలేదు, నాకొక్కడికే చూపింది. నేనేమైనా పరాయివాణ్నా? మొన్న సిరిసిల్ల వెళ్లినప్పుడు అన్నం పెట్టి, చేతులు తుడుచుకుని, దేవుడి పటం చూపినట్టు ఫోన్ చూపింది. ఎంత బాగుందే! నువ్వు కొంచెం చిక్కావు.

ఇక్కడ అందరూ సంతోషంగా ఉన్నారు. కరుణాకర్ ఇంటికొచ్చి శాలువా కప్పిపోయాడు. నీ గురించి ఊరికి తెలియడం మంచిదేనని నా అభిప్రాయం, ఆ డాక్టరు గొడవ కూడా తీరుతుంది. మిగతా ముచ్చట నువ్వు వచ్చినప్పుడు నీ కళ్లతోనే చూద్దువు. ఇప్పుడే చెబితే బాగుండదు.

చలి మొదలైందా? స్వెట్టరు వేసుకో.

చిన్నబాపు


దుహోక్
అక్టోబరు చివర

చిన్నబాపు గారికి,

గారు అని ఎందుకు రాశానో ఆలోచించుకో.

సాయికుమార్ అని కోరుట్ల అతను ఇక్కడ ఒక హోటల్లో వంటపని చేస్తాడు. నిన్న మిఠాయి డబ్బాతో నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "అక్కా, బస్టాండ్ కాడ నీ ఫ్లెక్సీ వడ్డది! మా గల్ఫ్ గ్రూపులల్ల అంత గదే తిరుగుతున్నది. మా హోటల్ల పనిజేసే గీ దేశపోళ్లకు గూడ సూపిచ్చిన, మా ఊరి అక్క అని" అన్నాడు. పాపం, ఎంత మురిసిపోతూ చెప్పాడో! అతని ఫోన్ తీసుకుని చూశాను.

'ఇరాక్ గడ్డపై బతుకమ్మ ఆడించిన మన ఆడబిడ్డ డాక్టర్ రమకు శుభాకాంక్షలు.' నేను డాక్టరు కానేలేదు, అది పోనీ. పక్కన కరుణాకర్, నువ్వు చెప్పిన తలుపు కంటే పెద్దగానే ఉన్నాడు. మధ్యలో నేను అమ్మకు పంపిన ఫొటో. అందులో గులాబీ రంగు చున్నీ వేసుకుని పక్కకు తిరిగి నవ్వుతున్నదే, ఆ పిల్లే గీత. ఫ్లెక్సీ కొట్టినవాడు అందరి ముఖాలకూ తెలుపు పట్టించి మరీ మెరిపించాడు. కింద వరసగా మగవాళ్ల బొమ్మలు. ఆ చివర శాలువా కప్పుకుని ఎవరో తెలుసా? నువ్వు!

ఫొటో ఎవరిచ్చారని అడగను, ఆ శాలువా చెబుతూనే ఉంది. వచ్చినప్పుడు నా కళ్లతో చూడాలా? చూశాను, కడుపు నిండింది. ఒక్క మాట బయటకు పోవద్దని రాస్తే చౌరస్తాలో కట్టించావు. అమ్మ అమాయకురాలు. నీకేమైంది, సోషల్ సారువు కదా!

ఆ బొమ్మ ఇక్కడి ఫోన్లలోకి వచ్చేసింది. ఇక్కణ్నుంచి సరిహద్దు దాటడానికి ఎంతసేపు? గీత చెల్లెల్ని మార్చేస్తే ఏం చేస్తావు, ఇంకో ఫ్లెక్సీ కట్టిస్తావా?

ఇవాళే దించు. ఎందుకు దించుతున్నావో మాత్రం ఎవ్వరికీ చెప్పకు. ఆ ముఖం చూడవద్దంటే మన ఊళ్లో అందరూ ఆ ముఖమే చూస్తారు.

రమ


కోరుట్ల
నవంబరు మొదట్లో

రమా,

వదిన ఫోన్లోంచి నా ఫోన్లోకి పంపుకుని కరుణాకర్‌కు ఇచ్చింది నేనే. ఎందుకిచ్చానంటే గొప్ప కోసమే, దాచను. ఎందరి పిల్లలకో పాఠాలు చెప్పాను, ఎందరి పేర్లో చౌరస్తాలో చదివాను. మన ఇంటి పిల్ల పేరు ఒక్కసారి చదువుకోవాలని ఉండదా? ఆ ఫొటోలో గీత ఉందని నువ్వు రాయలేదు. ఫొటో దిగదు అని రాశావు, నేను నమ్మాను. ఈ ఒక్క మాట అని ఊరుకుంటాను, మిగతా తిట్లన్నీ నావే.

ఇక దించడం సంగతి. నవ్వుతావో ఏడుస్తావో నీ ఇష్టం.

నీ ఉత్తరం అందిన పూటే కరుణాకర్ ఇంటికి వెళ్లాను. ఫొటో బాగా లేదురా, తీసెయ్యి అన్నాను. "గట్లనా సార్! ఇంకింత మంచి ఫొటో ఇయ్యుండ్రి, డబల్ సైజుల కొట్టిపిస్త" అన్నాడు. వద్దురా, రమకు ఇట్లాంటివి ఇష్టం ఉండవు అన్నాను. "గంత సదివి గింత సాదాసీదగ ఉన్నదంటే గ్రేట్ సార్" అని అక్కడే ఫోన్ తీసి ఎవరికో చెప్పాడు, ఆ మాట కూడా రాయించాలని. ఇక లాభం లేదని గొంతు పెంచితే వాడికి అనుమానం వచ్చింది. "సార్, అవుతలి పార్టోళ్లు ఏమన్న అన్నరా? పేరు చెప్పుండ్రి, నేను సూస్కుంట" అంటాడు. వాణ్ని బడిలో ఇంకో ఏడాది ఆపి ఉండాల్సింది.

ఇంకో చేదు మాట. ఫ్లెక్సీ ఒకటి కాదు. ఇక్కడ బస్టాండు దగ్గర ఒకటి, జగిత్యాలలో టవర్ దగ్గర ఒకటి, సిరిసిల్లలో నేతన్న చౌరస్తాలో ఒకటి. మీ ఇల్లు అక్కడే కదా అని వాడే కట్టించాడు. నాకూ చెప్పలేదు. జగిత్యాల బస్సెక్కి చూసొచ్చాను, మన కోరుట్లదాని కంటే పెద్దది.

తెల్లవారకముందే కొడవలి పట్టుకుపోయి కోసేద్దామా అనుకున్నాను. మీ చిన్నమ్మ ఆపింది. ఆపడం మంచిదే అయింది. ఎన్నికల ముందు ఫ్లెక్సీ చిరిగితే ప్రత్యర్థులు చింపారని ధర్నా చేస్తారు, పేపరువాళ్లు వస్తారు, చిరగని బొమ్మ వెతికి మరీ వేస్తారు. నిజం చెబుదామంటే నువ్వన్నట్టే ఊరంతా గులాబీ చున్నీనే చూస్తుంది. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. నాకు రెండు రోజులు ఇవ్వు.

చిన్నబాపు


దుహోక్
నవంబరు

చిన్నబాపూ,

నీ ఉత్తరం చదివి నవ్వలేదు, ఏడవలేదు. రెండింటికీ ఓపిక లేదు.

గీతకు చెప్పేశాను. ఎవరి ఫోన్లోనో చూసి తెలుసుకోవడం కంటే నా నోటితో వినడం నయమనిపించింది. టీచరమ్మ వద్దంది, అయినా చెప్పాను. చూపించమంది. రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చాలాసేపు చూసింది. తన ముఖం గురించి ఏమీ అనలేదు. కింది వరస చూపించి, "ఈ ఆడపిల్లల కింద ఇంతమంది మగవాళ్ల బొమ్మలెందుకు?" అని అడిగింది. మా ఊళ్లో మెచ్చుకోవడం ఇట్లాగే ఉంటుంది, వీళ్లంతా మా సంఘం వాళ్లు, ఈయన మా చిన్నబాపు అని చెప్పాను. ఆమె తల ఊపింది. "మమ్మల్ని అమ్మేటప్పుడు కూడా ఇట్లాగే ఫొటోలు ఫోన్లలో తిప్పారు" అంది.

చిన్నబాపూ, ఆ మాట నీకు రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నిన్ను బాధపెట్టాలనే రాస్తున్నాను. ఒక్కదాన్నే మోయలేకపోతున్నాను, అందుకు కూడా. ఫొటో తీసింది నేను. ఆ నవ్వు చూసి కత్తిరించబుద్ధి కాక, అమ్మే కదా అని పంపింది నేను.

తరవాత గీత తన మాటలన్నీ తీసేయమంది. రికార్డరు, లాప్‌టాప్ తెచ్చి ఆమె ముందే పెట్టుకుని ఒక్కొక్కటీ తీసేశాను. అన్నీ పోయాయో లేదో తనే చూసుకుంది. ఆ హక్కు ఆమెకుందని మొదటిరోజు నేనే చదివి వినిపించాను. జరిగిందంతా యూనివర్సిటీకి నేనే రాశాను. మూడో అధ్యాయం పోయింది, దాంతో నాలుగోది కూడా. ఇప్పుడది పెద్ద సంగతి కాదు. మధ్యవర్తి వారం నుంచి ఫోన్ ఎత్తడం లేదు. గీత కుట్టు కేంద్రానికి రావడం లేదు.

సాయికుమార్ కాళ్లావేళ్లా పడి తన గ్రూపుల్లో తీయిస్తున్నాడు. ఆ మూడు ఫ్లెక్సీలు చౌరస్తాల్లో ఉన్నంతకాలం ఎవరో ఒకరు కింద నిలబడి కొత్తగా ఫొటో తీస్తూనే ఉంటారు. ఏం చేస్తావో చెయ్యి, ఎట్లా చేశావని అడగను.

రమ


కోరుట్ల
నవంబరు చివర

రమా,

మూడూ దిగాయి.

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు. నేను ఒకే ఒక్క అబద్ధంతో మూడు ఫ్లెక్సీలు దించాను. ఆ అబద్ధం నీ నెత్తి మీద పడింది. చదివి నన్ను ఏమైనా అను.

కరుణాకర్‌ను చాయ్ హోటల్‌కు పిలిచి, చుట్టూ చూసి, చెవి దగ్గర చెప్పాను: రమ ఫెయిలైందిరా, ఏదో తప్పు జరిగిందని యూనివర్సిటీవాళ్లు చదువు ఆపి పంపించేస్తున్నారు, డాక్టరేటు లేదు, ఏమీ లేదు, పేపర్లో కూడా పడుతుందేమో అని. వాడు చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "సార్, గీ ముచ్చట ముందుగాల్ల చెప్పాలె గదా! దాని మీద నా ఫొటో ఉన్నది!" అన్నాడు. అయ్యో పాపం అని నీ కోసం ఒక్క ముక్క అనలేదు చూడు. సాయంత్రానికి బస్టాండు దగ్గర ఉత్త కర్రలు మిగిలాయి. ఫోన్లలో పెట్టుకున్నవాళ్లు కూడా ఎవరికి వాళ్లే తీసేశారు. గెలిచినవాళ్ల పక్కన నిలబడడానికి అందరూ వస్తారు, ఓడినవాళ్ల పక్కన ఎవరుంటారు? మన ఊరి ఈ గుణం మీద నేను ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఈసారి అదే పనికొచ్చింది.

జగిత్యాల పోయేసరికి అక్కడా తీసేశారు. అక్కణ్నుంచి బస్సులో సిరిసిల్ల చేరేలోపే నా అబద్ధం నాకంటే ముందు చేరింది. వదిన కూరగాయలకని వచ్చి నేతన్న చౌరస్తాలో నిలబడింది. నిచ్చెన మీదివాణ్ని అడిగిందట, ఎందుకు తీస్తున్నారని. "నీ బిడ్డ ఫెయిలైందట గదవ్వా" అని వాడే చెప్పాడు. నేను వెళ్లేసరికి ఆ ఫ్లెక్సీని మడతపెట్టి సంచిలో పెట్టుకుని ఇంటికి నడుస్తోంది. రోడ్డు మీద పడేయబోతే అడిగి తీసుకుందట.

ఇంట్లో పరిచి ఉంచింది. అది అక్కడ ఉండడానికి వీల్లేదు కదా. కత్తెర తీసుకుని నీ బొమ్మ వరకు కత్తిరించి ఆమెకిచ్చాను, మిగతాది చుట్టి పట్టుకున్నాను. "గా పిల్లలు నీకేం జేసిండ్రు? నా బిడ్డతోని ఆడిండ్రు, ఉండనియ్యి" అంది. నేను చుట్టకు తాడు కట్టుకున్నాను. "ఊరోళ్లు ఇడిసిపెట్టిండ్రు, నువ్వు గూడ ఇడిసిపెడ్తున్నవా?" అంది. మిగిలిన ముక్కను తెచ్చి మా పెరట్లో కాల్చేశాను. వదిన నాతో మాట్లాడడం లేదు.

ఇక్కడ పరామర్శలు మొదలయ్యాయి. ఎవరో పోయినట్టు ఒక్కొక్కరే వచ్చి అరుగు మీద కూర్చుంటున్నారు. రాములవ్వ నా చేయి పట్టుకుని, "పోనీ సారూ, నా మోకాళ్ల నొప్పులు తక్కువ గాకున్న ఏం గాదు, పిల్లను ఏమనకుండ్రి" అంది. చాయ్‌లు పోయలేక మీ చిన్నమ్మ నన్ను చూసినప్పుడల్లా గిన్నెలు గట్టిగా పెడుతోంది. ఆమెకూ నిజం చెప్పలేదు. ఇదంతా నాకు తగిన శాస్తే.

ఒక్కటి అడుగుతాను. వదినకు ఒక్కదానికీ నిజం చెప్పనా? నీ పేరు మీద బురద చల్లింది నేను, కడిగే దారి కూడా నువ్వే చెప్పాలి.

చిన్నబాపు


దుహోక్
డిసెంబరు

చిన్నబాపూ,

నీ ఉత్తరం చదివి మొదట నీ మీద మండిపడ్డాను. ఫెయిలైందని చెప్పడానికి నేనే దొరికానా, కరుణాకర్ మీద ఏదైనా అల్లలేకపోయావా అనుకున్నాను. తరవాత ఎంత ఆలోచించినా ఇంతకంటే పనికొచ్చే అబద్ధం నాకూ తట్టలేదు.

నీ అబద్ధం సగం నిజమైంది కూడా. మా గైడు ఇంకో ఏడాది పట్టవచ్చంది. కమిటీ ముందు నిలబడి జరిగిందంతా చెప్పుకోవాలి. మళ్లీ మొదటినుంచి మనుషులను వెతుక్కోవాలి, వాళ్లు నమ్మాలి. నాకే నన్ను నమ్మడం కష్టంగా ఉంది.

ముఖ్యమైన సంగతి. మధ్యవర్తి ఫోన్ ఎత్తాడు. పిల్ల అక్కడే ఉంది, మార్చలేదు. బొమ్మ అటువైపు చేరిందో లేదో తెలియదు, చేరితే ఇప్పటికి మార్చేసేవారట. మాటలు మళ్లీ మొదలయ్యాయి. ఇంకెన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పడం లేదు. గీత నిన్నటి నుంచి కుట్టు కేంద్రానికి వస్తోంది. నాతో మాట్లాడదు. అయినా నేనున్న గదిలో కూర్చుని కుట్టుకుంటోంది, అదే పదివేలు.

అమ్మకు చెప్పాలా అని అడిగావు. నేనూ చెబుదామనే అనుకున్నాను. నిన్న అమ్మ ఫోన్ చేసింది. నేను హలో అనకముందే మొదలుపెట్టింది.

"నువ్వు ఫెయిలైనవని మీ చిన్నబాపు ఊరంత చెప్తున్నడు. నాకు నమ్మబుద్ధి గాలే. నువ్వు ఒక్కసారి కాలేదని చెప్పు బిడ్డా. గిప్పుడే కోరుట్ల పోయి గా కరుణాకర్‌గాని ఇంటి ముంగట నిలవడ్త. జగిత్యాల పోత. తీసిన కాడ మల్ల కట్టిపిస్త. నువ్వు కాలేదంటే సాలు."

వెళ్లి నిలబడుతుంది, నీకూ తెలుసు. నిజం చెబితే నా పరువు కోసం దాన్ని ఇల్లిల్లూ తిరిగి చెబుతుంది. ఒట్టు వేయించుకున్నా లాభం లేదు, బిడ్డ మీద మాట పడితే ఆమెకు ఏ ఒట్టూ గుర్తుండదు. గదికి అవతలి కొసన గీత మిషను సూదిలోకి దారం ఎక్కిస్తోంది. నేను మన భాషలో ఎవరితో మాట్లాడుతున్నానో ఆమెకు తెలియదు.

"అవునమ్మా, ఫెయిలైన" అన్నాను.

నా చిన్నప్పటినుంచి ఇప్పటిదాకా నేను ఏ పరీక్షా తప్పలేదు చిన్నబాపూ. ఆ మాట అమ్మ ప్రతి పెళ్లిలో, ప్రతి పేరంటంలో అందరికీ చెప్పుకుంది. ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను.

"గంతే గదా" అంది చివరికి. "సప్లిమెంటరీ ఉంటది గద బిడ్డా, మల్ల రాయి. నేనెవలకు చెప్ప."

రాస్తానమ్మా అన్నాను.

రమ